సిక్కోలు నుంచి వేరే లోకానికి దారి వేయడం: పోర్టల్ ఫాంటసీ నవల ఎలా రాయాలి

మామూలు మనిషి ఒకరు ఏదో గుమ్మం దాటి మరో లోకంలో పడతారు. ఆ లోకం ఆపదలో ఉంటుంది. ఈ మనిషి వల్ల అది గట్టెక్కుతుంది, లేదా గట్టెక్కదు. పోర్టల్ ఫాంటసీ అంటే ఇంతే. తెలుగు పాఠకుడికి ఇదేమీ కొత్త వంటకం కాదు. బిలంలో దూరి పాతాళానికి దిగిన రాకుమారుణ్ణి, పేదరాశి పెద్దమ్మ ఇంట్లో బస చేసి ఏడు సముద్రాల అవతలికి పోయినవాణ్ణి చిన్నప్పుడే చూసేశాడు. అందుకని వేరే లోకం ఉందని నమ్మించడానికి పేజీలు తగలెయ్యకండి. పాఠకుడు నమ్మనిది వెళ్ళిన మనిషిని. పలాసలోనో బొబ్బిలిలోనో బతికే మనిషి మూడు రోజులు కనబడకపోతే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో రాయకపోతే, అవతల ఎన్ని ఏనుగులు ఎగిరినా అతనికి పట్టదు.

ముందు కొలతలు. మొదటి నవలకి 60,000 మాటలు చాలు. అధ్యాయానికి 2,000 చొప్పున 30 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకి 500 మాటలు రాస్తే 24 వారాల్లో మొదటి రాత అయిపోతుంది. సామాను: 200 పేజీల నోటుబుక్కు, కథ జరిగే ఏటి పంచాంగం, గోడ క్యాలెండరు, జిల్లా పటం. పంచాంగం ఎందుకో కాలం లెక్క దగ్గర తెలుస్తుంది.

మొదటి అడుగు: మనిషిని చేతుల్ని బట్టి ఎంచుకోండి

కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా ఎంచుకునేది హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాణ్ణి. అతనికి ఊరూ తెలీదు, పనీ తెలీదు, కాబట్టి అన్నీ అతనికి వివరించొచ్చు అని లెక్క. ఆ లెక్కే దెబ్బ తీస్తుంది. ఏమీ తెలియనివాడు అవతల చేయగలిగింది కూడా ఏమీ ఉండదు. అప్పుడు వాడి భుజం మీద పుట్టుమచ్చ పెట్టి, "నువ్వే ఆ కారణజన్ముడివి" అని ఓ ముసలాయన చేత చెప్పించాల్సి వస్తుంది. పుట్టుమచ్చ కనబడిందంటే రచయిత దగ్గర సరుకు అయిపోయిందని పాఠకుడు పసిగట్టేస్తాడు.

చేతిలో పని ఉన్నవాళ్ళని తీసుకోండి. ఉమ్మడి సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం జిల్లాల్లో వాళ్ళకి కొదవ లేదు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకులు చేసి, 100 నంబరు నూలు వడికే ఆడవాళ్ళున్నారు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసేవాళ్ళున్నారు. చెక్క మీద వేలితో కొట్టి లోపల ఎంత మందం మిగిలిందో చెప్పగలరు. కళింగపట్నం వైపు నీటి రంగు చూసి వల వేసేవాళ్ళున్నారు. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు గ్రేడింగు చేసేవాళ్ళున్నారు.

ఈ వ్యాసం పొడుగునా ఈ చివరి పనినే ఉదాహరణగా పెట్టుకుందాం. మనిషి పేరు పైడమ్మ, వయసు 43, గ్రేడింగు బల్ల దగ్గర పని. గ్రేడింగంటే ఏంటో రచయితకి అంకెల్లో తెలియాలి. 320 నంబరంటే పౌను బరువుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 320 గుండ్ల దాకా తూగే పప్పు. 240 అంటే అదే బరువుకి 240 దాకా. గింజకి లెక్కేస్తే మొదటిది దాదాపు 1.4 గ్రాములు, రెండోది 1.9. తేడా అర గ్రాము. రోజంతా ఆ అర గ్రాముని కళ్ళతో, వేళ్ళతో విడగొట్టడమే పని. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గ్రేడింగుకి రాకముందు పిక్క కొట్టే పని చేసి ఉంటే, తొక్కలోని జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది గనక వేళ్ళ మీద మచ్చలుంటాయి. పైడమ్మకి కుడిచేతి రెండు వేళ్ళ కొసల్లో స్పర్శ అప్పుడే పోయిందనుకోండి. ఇది జాలి కోసం పెట్టిన వివరం కాదు. ద్వారం దగ్గర దీని అవసరం పడుతుంది.

పేరు పెట్టేటప్పుడు ఒక సంగతి. ఇక్కడ మనుషుల పేర్లు దేవుళ్ళ చిరునామాలు. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం పైడితల్లమ్మ. కూర్మారావు, కూర్మినాయుడు శ్రీకూర్మం. ముఖలింగం అంటే శ్రీముఖలింగం, సూర్యనారాయణ అంటే చాలావరకు అరసవల్లి మొక్కు. అప్పలనాయుడు, అప్పలనరసమ్మ సింహాద్రి అప్పన్న. పాత్రకి ఆర్యన్ అని పేరు పెట్టదలిస్తే ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారో నోటుబుక్కులో రాసుకోండి. ఆ గొడవలో ఇంకో పాత్ర పుడుతుంది.

రెండో అడుగు: ఆ లోకానికి కనబడనిది మీ మనిషికి కనబడాలి

ముందు లోకాన్ని కట్టేసి తర్వాత మనిషిని పంపకండి. చేతిపనిని తాళంచెవి అనుకుని, దానికి సరిపడే తాళంగా లోకాన్ని చెక్కండి. పైడమ్మకి తెలిసింది ఇన్ని గింజలకి ఇంత బరువు అనే లెక్క. కాబట్టి అవతలి లోకంలో తూకమే ఉండకూడదు. అక్కడంతా కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్ద. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. మన తాతలు వాడిన కొలతలే. కుంచం నిండిందా లేదా అన్నదే కొలత. బరువెంత అని ఎవరూ అడగరు.

ఇప్పుడు ఆ లోకానికి ముప్పు దానంతటదే దొరుకుతుంది: తాలు. గింజ పైకి నిండుగానే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. కుంచం ఎప్పట్లాగే నిండుతుంది. జనం ఎప్పట్లాగే తింటారు, ఎండిపోతుంటారు. ఎందుకో ఎవరికీ అంతు పట్టదు. పైడమ్మ గుప్పెడు చేతిలోకి తీసుకోగానే ఆమె వేళ్ళకి తెలిసిపోతుంది.

ఇక్కడ ఆగి కన్నాలు వెతకండి. ఈ పనికి పూర్తిగా రెండు రోజులు కేటాయించండి, రాత మొదలెట్టకండి. వ్యవసాయం తెలిసిన ఇద్దరికి ఈ ముప్పు గురించి చెప్పండి. మొదటివాడే అడుగుతాడు: "తూర్పారబడితే తాలు ఎగిరిపోదా?" నిజమే, చేట ఎత్తి గాలికి వదిలితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఈ ప్రశ్నకి "మాయ వల్ల ఎగరదు" అని జవాబిస్తే నవల అక్కడే చచ్చింది. జవాబు లోకం లోపలి నుంచే రావాలి: అక్కడ గాలి లేదు. మూడు తరాల కింద ఆగిపోయింది. తూర్పారబట్టడం అనే పనే జనం మర్చిపోయారు, చేట పెళ్ళిలో వాడే వస్తువుగా మిగిలింది.

అడిగినవాడు కన్నం చూపించాడు, కన్నం పూడ్చబోతే లోకం పెరిగింది. పైగా కథ నడిచే ఇంధనం కూడా అందులోంచే వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతం మీద తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి నేలకొరిగింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి మామూలుగా ఆరేడేళ్ళు పడుతుంది. అంటే పైడమ్మ ఇంటి వెనక ఆ తర్వాత నాటిన చెట్లు ఇప్పుడిప్పుడే కాయ చూపిస్తున్నాయి. ఆమె జీవితంలో గాలికున్న అర్థం అది. అవతలి లోకం బతకాలంటే ఆమె తేవాల్సింది ఆ గాలినే.

పొందూరు మనిషిని ఎంచుకున్నా పద్ధతి ఇదే. దువ్వడం, చిక్కు తీయడం, నలకని వేరు చేయడం ఆమె విద్య. కాబట్టి ఆ లోకంలో అబద్ధమూ నిజమూ పోగుల్లా కలిసిపోయి ఉండాలి. వీణ చేసేవాడైతే లోపలి మందాన్ని చప్పుడుతో కనిపెట్టడం. మిగతాది మీరు ఊహించగలరు.

మూడో అడుగు: కనబడకపోతే ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది

ఇది చాలామంది వదిలేసే అడుగు. ఈ జిల్లాల కథకి మాత్రం ఇదే వెన్నెముక. ఊళ్ళ పేర్లలోనే వలస ఉంది: ఆమదాలవలస, మద్దువలస, జియ్యమ్మవలస. ఎచ్చెర్ల, రణస్థలం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి నెలల తరబడి పడవల మీద పనిచేస్తారు. ఇంట్లోంచి ఒక మనిషి మాయం కావడం, ఫోన్లో గొంతు మాత్రం మిగలడం, తిరిగొచ్చినవాడు పిల్లలకి కొత్తవాడిలా కనబడటం ఇక్కడివాళ్ళకి ఫాంటసీ కాదు. దీన్ని మీరు వాడుకోకపోతే మీ కథ ఏ జిల్లాలోనైనా జరగొచ్చు.

నోటుబుక్కులో ఒక పేజీని అడ్డంగా నాలుగు వరసలు చేయండి: ఒక పూట, ఒక రోజు, మూడు రోజులు, నెల. ప్రతి వరసలో ఎవరు గమనిస్తారు, ఏం ఆగిపోతుంది అని రాయండి. ఒక పూటకి: పొయ్యి, కోడలి అలక. ఒక రోజుకి: కూలి కోత, బల్ల దగ్గర పక్కసీటు మనిషి. మూడు రోజులకి: డ్వాక్రా సంఘం పొదుపు, అప్పిచ్చినవాడి ఫోను. నెలకి: ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది అత్తగారి పింఛను పట్టుకుని ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసే మనిషి లేకపోవడం. ప్రతి వరసలోనూ కనీసం ఒకటి డబ్బుకి, ఒకటి మాట పడటానికి సంబంధించినది ఉండాలి. పోలీసు ఫిర్యాదు ఒక్కటే రాసి ఊరుకుంటే మీరు సినిమా చూసి రాస్తున్నట్టు.

సెల్‌ఫోను సంగతి కూడా ఇక్కడే తేల్చండి. అవతల సిగ్నలు ఉండదు, సరే. ఇవతల "స్విచ్ ఆఫ్" వస్తే మొదట చేసేది ఎవరు, ఎన్నోసారికి భయపడతారు?

నాలుగో అడుగు: ద్వారం

ద్వారానికి అయిదు భాగాలు: చోటు, వేళ, గుర్తు, ధర, మూత. ఏ ఒక్కటి లేకపోయినా అది లిఫ్టులా తయారవుతుంది. ఎప్పుడంటే అప్పుడు, ఎవరంటే వాళ్ళు ఎక్కి దిగుతుంటారు.

పేరున్న గుడిని ద్వారం చేయకండి. శ్రీకూర్మం నుంచి కాశీకి సొరంగం ఉందని జనం ఎప్పటినుంచో చెప్పుకుంటున్నారు. వాళ్ళ కథతో పోటీ పడి గెలవలేరు. పైగా ఆ మెట్లు ఎక్కిన లక్షమందిలో ఎవడో ఒకడు మీ తప్పు పట్టుకుంటాడు. చోటుని వదిలి అది పనిచేసే తీరుని తీసుకోండి. అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు మాత్రమే ఉదయపు ఎండ గర్భగుడిలో స్వామి పాదాల మీద పడుతుంది. అదీ కొద్ది నిమిషాలు. ఆ పూట మబ్బు పడితే వచ్చిన జనం నిరాశతో వెనుదిరుగుతారు. చూడండి, ఎంత చక్కటి నియమమో: ఏడాదికి రెండు విడతలు, నిమిషాల వ్యవధి, మబ్బు పడితే మళ్ళీ ఆర్నెల్లు. ఈ తీరుని తీసుకెళ్ళి ఒక కల్పిత ఊరి శిథిలమైన గోడకి అతికించండి.

అవతలివాళ్ళు పిలిచే కథ అయితే విజయనగరం సిరిమానోత్సవాన్ని, అంటే పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి తిప్పే పైడితల్లమ్మ పండగని గమనించండి. పైడితల్లమ్మ పూజారికి కలలో కనబడి, సిరిమానుకి కావలసిన చింతచెట్టు ఎక్కడుందో చెబుతుందని విశ్వాసం. కల అస్పష్టంగా ఉండదు. దిక్కుంటుంది, ఊరుంటుంది, చెట్టుకి యజమాని ఉంటాడు, ఆ చెట్టు దొరుకుతుంది కూడా. మీ పిలుపు కూడా అంత కచ్చితంగా ఉండాలి. "ఏదో శక్తి లాగుతున్నట్టనిపించింది" అనే వాక్యం రాశారా, కొట్టేయండి.

పైడమ్మకి ద్వారం రైలు పట్టాలు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా గుణుపూర్ పోయే లైను 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న బండిగా మొదలైంది. పట్టాల మధ్య 2 అడుగుల 6 అంగుళాలు. ఇప్పుడది బ్రాడ్ గేజి, 2011 నుంచి 5 అడుగుల 6 అంగుళాలు. పైడమ్మ పుట్టిల్లు పాతపట్నం వైపు. ఒక రాత్రి లెవెల్ క్రాసింగు దాటుతుంటే రెండో పట్టా మూడడుగులు ముందే కాలికి తగులుతుంది. అదే గుర్తు. వెలుగు లేదు, సుడిగాలి లేదు, గాజు పగిలిన చప్పుడు లేదు. వేల సార్లు దాటిన కొలత తప్పింది, శరీరానికి తెలిసిపోయింది. (పరిశోధన పేరుతో టేపు పట్టుకుని పట్టాల మీదికి వెళ్ళకండి. అది నేరం. గేటు బయట నిలబడి చూసినా పాత గేజి మనసులో పడుతుంది.)

ధర. దాటిన ప్రతిసారీ ఒక వేలి కొసలో స్పర్శ పోతుంది. పదింట్లో రెండు జీడి రసానికి ముందే పోయాయి. మిగిలినవి ఎనిమిది. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి. అంటే నాలుగే ప్రయాణాలు. ద్వారం ధర మనిషి విద్యలోంచే తీసుకోవాలనేది ఇందుకే. ఆయుష్షు తగ్గుతుంది, జ్ఞాపకం పోతుంది లాంటివి పెట్టొచ్చు గానీ పాఠకుడు వాటిని లెక్కపెట్టుకోలేడు. వేళ్ళని లెక్కపెట్టుకుంటాడు.

మూత సంగతి క్లుప్తంగా: ఎవరు మూస్తారో, మూస్తే అవతల ఎవరు చిక్కుకుపోతారో మొదటి అధ్యాయం రాసేలోపే తేల్చుకోండి.

అయిదో అడుగు: కాలం లెక్క

రైవతుడు కూతురు రేవతిని వెంటబెట్టుకుని వరుడి కోసం బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ పాట కచేరీ నడుస్తుంటే అయ్యేదాకా ఆగాడు. తిరిగొచ్చేసరికి ఇక్కడ 27 మహాయుగాలు గడిచిపోయాయి. రెండు లోకాల్లో కాలం వేర్వేరుగా నడుస్తుందని మన పాఠకుడికి కొత్తగా చెప్పక్కర్లేదు. లెక్క తప్పితే మాత్రం ఊరుకోడు.

నిష్పత్తి ఒక్కటే పెట్టుకోండి, నోటుబుక్కు అట్ట మీద రాసుకోండి. పైడమ్మకి ఇక్కడ ఒక గంట అక్కడ ఒక రోజు. నాలుగు ప్రయాణాలు: 2 గంటలు, 5 గంటలు, 12 గంటలు, 40 గంటలు. అక్కడ 2, 5, 12, 40 రోజులు. మొత్తం 59. మొదటి రెండూ రాత్రి నిద్రలో కలిసిపోతాయి, ఎవరికీ తెలియదు. మూడోది ఒక పూట కూలి మింగుతుంది. నాలుగోది రెండు రాత్రులు, మధ్యలో పగలు. ఆ పగలు ఏ తారీఖో గోడ క్యాలెండరులో గుర్తు పెట్టండి. పండగ వాడదలిస్తే పంచాంగం తీయండి. సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది గనక దసరాకీ దానికీ మధ్య ఎడం ఏటేటా మారుతుంది. ఈ తేడా చూసుకోకుండా దసరా మర్నాడే సిరిమాను తిప్పేసినవాళ్ళని విజయనగరం పాఠకులు క్షమించరు.

శరీరానికి మాత్రం అక్కడి కాలమే వర్తిస్తుంది. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. పైడమ్మ శనివారం తలకి రంగు వేసుకుని వెళ్ళి సోమవారం పనిలోకి వస్తే, కుదుళ్ళ దగ్గర సెంటీమీటరు పైగా తెలుపు. ఇంట్లో మగవాళ్ళెవరూ గమనించరు. బల్ల దగ్గర పక్కసీటు మనిషి గమనిస్తుంది.

ఆరో అడుగు: మాట

కథనం మామూలు వాడుక భాషలో, సంభాషణ సిక్కోలు మాటలో. ఈ విభజన దాటకండి. సంభాషణలో యాస దినుసులు నాలుగైదు చాలు: ఏమిటికి ఏటి, లేదుకి నేదు, నేనుకి నాను, చెప్పు చూడులకి సెప్పు సూడు, వచ్చింది పోయిందిలకి వొచ్చినాది పోనాది. ప్రతి మాటనీ వంచబోతే పాఠకుడు చదవడం మానేసి లిపి విడదీసుకుంటూ కూర్చుంటాడు. ఆ రంగు సంగతే తీసుకోండి:

"ఒదినా, మొన్నే కదేటి రంగేసుకున్నావు?"

"ఊఁ."

"మరీ తెలుపెక్కడ్నించొచ్చినాది?"

"నీకు పని నేదేటి? గింజలు సూడు."

నాలుగు ముక్కల్లో అనుమానం మొలకెత్తింది, పైడమ్మ తప్పించుకుంది. ఇదే సంగతిని కథకుడు వివరిస్తే ఒక పేజీ పడుతుంది, పండదు.

యాస మనిషికి అతికించిన బిళ్ళ కాదు. పైడమ్మ ఇంట్లో "నాను" అంటుంది, బ్యాంకులో "నేను" అనడానికి ప్రయత్నిస్తుంది. అవతలి లోకంలో ఏది అంటుంది? ఎప్పుడు మారుతుంది? నా లెక్కలో అయితే, అక్కడి పెద్దల ముందు మొదటిసారి "నాను సెప్తాను, ఇనండి" అన్నప్పుడే ఆమె ఆ లోకంలో కాలు మోపినట్టు.

అవతలివాళ్ళ భాష ఆమెకెలా అర్థమవుతుంది? మంత్రించిన తాయెత్తు ఇవ్వకండి. దీనికి ఆదర్శం ఇక్కడే ఉంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాషని మాట మాటా పోగేసి నేర్చుకున్నారు, నిఘంటువు చేశారు. మీ మనిషీ అలాగే నేర్చుకోవాలి. మొదటి ప్రయాణంలో 12 మాటలు, అందులో సగం తప్పు. రెండోదానికి 60. ఏ మాట తప్పుగా అర్థం చేసుకుంటే కథకి పనికొస్తుందో చూసి ఆ తప్పుని మూడో ప్రయాణం దాకా దాచండి. అవతలి పేర్లని నోరు తిరగని సంస్కృతంలో పెట్టకండి, పౌరాణిక సినిమా డైలాగులు చెప్పించకండి. ఈ మండలాల పటం ముందు పెట్టుకుంటే వలస, పేట, గూడ, పుట్టుగ లాంటి తోకలు బోలెడు కనబడతాయి. అవతలి ఊళ్ళకి కూడా అలాంటి తోకలే రెండో మూడో కల్పించి స్థిరంగా వాడండి.

ఏడో అడుగు: ముప్పుని మెట్లు మెట్లుగా దించండి

ముప్పు ఒకేసారి ఆకాశంలోంచి ఊడిపడితే మొదటి వంద పేజీలకి పని ఉండదు. నాలుగు మెట్లు చాలు. మొదట గింజ తాలవుతుంది. తర్వాత కంచు: శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే గంట లాంటి బరువైన గంటని కొడితే రేకు డబ్బా చప్పుడు. మూడోది జీవాలు: ఆవు నడుస్తుంది, తడి నేలలో గిట్ట గుర్తు పడదు. నాలుగోది మనుషులు: పలకరిస్తే పలుకుతారు, మాటలో మనిషి ఉండడు. ఒక్కో ప్రయాణంలో ఒక్కో మెట్టు. మెట్టు దిగిన ప్రతిసారీ ముందు మెట్టులో తెలిసిన ఒక మనిషిని ఆ స్థితిలో చూపించాలి, పరాయివాణ్ణి కాదు.

ఆ బరువంతా ఎక్కడికి పోతోంది? జవాబు ఇవతలి ఒడ్డున ఉండాలి. కాటా మోసం ఎలా ఉంటుందో పిక్కలు తూచి అమ్మిన ప్రతి రైతుకీ తెలుసు. రాక్షసుడి కంటే దళారి మేలైన విలన్. అతనికి ఇల్లూ పిల్లలూ ఉంటారు, పైడమ్మకి అప్పు కూడా ఇచ్చి ఉంటాడు.

రెండు విషయాల్లో చెయ్యి అదుపులో పెట్టుకోండి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం వైద్యులకే పూర్తిగా తేలలేదు. దాన్ని అవతలి లోకం శాపంగా చెప్పి తేల్చేయకండి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి పోయే మనిషి కూడా మీ పాఠకుడే. అలాగే సీతంపేట కొండల సవరల్ని మంత్రగాళ్ళుగా వాడుకోకండి. సవర పాత్ర కావాలంటే అతనికీ పని, అప్పు, ఇల్లు ఇచ్చి మొదటి అడుగు నుంచి మొదలెట్టండి.

ఎనిమిదో అడుగు: అధ్యాయాల పంపకం

మూడో అధ్యాయం ఆఖరుకల్లా, అంటే 6,000 మాటల్లోపు, దాటేయాలి. 4 నుంచి 6 మొదటి ప్రయాణం, 7 ఇల్లు. 8 నుంచి 12 రెండోది, 13-14 ఇల్లు. 15 నుంచి 20 మూడోది, 21 నుంచి 23 ఇల్లు. 24 నుంచి 29 నాలుగోది. 30 ఆఖరు. ఇంటి అధ్యాయాలు ఒకటి, రెండు, మూడుగా పెరుగుతున్నాయి చూడండి. వెళ్ళొచ్చినకొద్దీ ఇంటి దగ్గర పేరుకున్నది ఎక్కువవుతుంది. ఇంటి అధ్యాయాల్ని కుదించి అవతలే ఉండిపోవాలనిపిస్తుంది, అక్కడ రాయడం సరదా గనక. ఆ సరదాకి లొంగితే 20వ అధ్యాయం దగ్గర పైడమ్మ ఎందుకు తిరిగి రావాలో మీకే గుర్తుండదు.

మధ్యలో, సుమారు 30,000 మాటల దగ్గర, రాత ఆగిపోతుంది. ఎందుకంటే అక్కడికి ముప్పేంటో తెలిసిపోతుంది, పరిష్కారం ఇంకా దూరం. అక్కడ పైడమ్మ విద్య ఒకసారి ఓడిపోవాలి. ఆమె కట్టెతో తక్కెడ కట్టిస్తుంది, తూకం రాళ్ళు కూడా తాలువే అయి ఉంటాయి. లెక్క తప్పుతుంది. ఆమె మాట నమ్మినవాళ్ళు మంచి ధాన్యం పారబోసుకుంటారు. ఈ దెబ్బ లేకపోతే ఆఖర్లో గెలుపు తేలిపోతుంది.

నాలుగో ప్రయాణానికి వచ్చేసరికి రెండే వేళ్ళు మిగిలాయి. పోతూనే ఒకటి పోయింది. మిగిలిన ఒక్క వేలితో ఆఖరి గింజని ఎంచాలి, అదే వేలితో ఇంటికి రావాలి. ఈ పోటీని మీరు విడమరిచి చెప్పకండి. పాఠకుడు నాలుగో అధ్యాయం నుంచీ వేళ్ళు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. గాలి అవతలికి పోయే దారి కూడా ఆ పట్టాల మధ్యలోంచే. అది పోతూ పోతూ ఇంటి వెనక కొత్త కొబ్బరిచెట్లని ఏం చేసిందో 30వ అధ్యాయం మొదటి పేరాలోనే చూపించండి. తర్వాత ఆమెని గ్రేడింగు బల్ల దగ్గరికి తీసుకెళ్ళండి.

తొమ్మిదో అడుగు: తిరగరాత, చదివించడం

మొదటి రాత అయ్యాక మూడు వారాలు పక్కన పెట్టండి. తర్వాత మూడు పెన్సిళ్ళతో చదవండి. ఎర్రది కాలం లెక్కకి: ప్రతి అధ్యాయం నెత్తిన ఇక్కడి తారీఖు, అక్కడి రోజు రాయండి. నీలం వేళ్ళకి: ఏ వేలు పోయిందో ఆ వేలితో తర్వాత ఏ పనీ చేయించలేదు కదా? పోయిన చూపుడువేలితో గిన్నె వేడి చూడటం లాంటి పొరపాటు తప్పకుండా దొరుకుతుంది. మామూలు పెన్సిలు "అద్భుతమైన", "వింతైన", "మాటల్లో చెప్పలేని" అన్న మాటలకి. అవి కనబడ్డ చోటల్లా ఒక కొలతో వాసనో పెట్టండి. వస్తువు పేరు తెలియకపోతే తెలిసిన మాటల్లో చెప్పండి.

సంభాషణలన్నీ పైకి చదవండి. వీలైతే ఫోన్లో రికార్డు చేసి పలాస వైపు మనిషికొకరికి, విజయనగరం మనిషికొకరికి వినిపించండి. ఇద్దరూ ఒకే చోట నవ్వితే మీరు తప్పు రాశారని.

రాతప్రతిని సాహిత్యం బాగా చదివిన మిత్రుడి కంటే ముందు జీడి బల్ల దగ్గర పదేళ్ళు పనిచేసిన మనిషికి ఇవ్వండి, లేదా కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఎలా ఉందని అడగొద్దు, బావుందనే అంటారు. చేతుల దగ్గర ఎక్కడ తప్పు రాశానో చెప్పమనండి. ఆమె చెబుతుంటే మధ్యలో అడ్డు తగలకుండా రాసుకోండి. టీ, జంతికలు ముందే తెప్పించి పెట్టుకోండి, కనీసం రెండు మధ్యాహ్నాలు పడుతుంది.